లింకులు వెంట రావు

రిజర్వాయరు నిండిన రోజున, ఇళ్ల స్థలాలు తేలేదాకా ఉండనిమ్మని, మునగలదిన్నె నాలుగో వార్డు జనాన్ని జిల్లా కేంద్రంలోని కంప్యూటర్ నిల్వలో భద్రపరిచారు. ఆ ఏర్పాటుకు ఇప్పుడు పదకొండేళ్లు. ఆ రోజు ఊళ్లో లేని కొద్దిమంది మాత్రం బయట మిగిలారు. దర్జీ గంగరాజు వాళ్లలో ఒకడు. కుట్టుమిషన్ బాగుచేయించడానికి పొరుగూరు వెళ్లాడు.

అతని భార్య భూలక్ష్మి లోపల ఉంది. ప్రతి మంగళవారం మూడో కౌంటరులో ఇరవై నిమిషాలు ఆమెతో మాట్లాడనిచ్చేవారు. స్పీకరులో ఆమె గొంతు ఎప్పటిలాగే ఉండేది.

"చొక్కా గుండీ మళ్లీ ఊడిందా మావా?" అనేది. ఆమెకు అతను కనిపించడు. అయినా, ఆమె అడిగినప్పుడల్లా గుండీ ఊడే ఉండేది.

శ్రావణంలో నోటీసు అంటించారు. పాత నిల్వకు కాలం చెల్లింది కాబట్టి అందులోని వాళ్లందరినీ కొత్తదానిలోకి మారుస్తారట. ఆపరేటర్ మెహరున్నీసా విడమరచి చెప్పింది.

"మనిషి మొత్తం వచ్చేస్తారండీ. ఒక్క అక్షరం పోదు, రెండుసార్లు సరిచూస్తాం. లింకులు మాత్రం రావు."

"లింకులంటే ఏంటమ్మా?"

"ఆవిడ రికార్డులో మీరు లేరండీ. మీరు ఫలానా చోట ఉన్నారని చూపించే చీటీ ఉంది, అంతే. దాని మీద ఉన్నది పాత చిరునామా. కొత్తదాంట్లో ఆ చిరునామాయే ఉండదు."

ఇద్దరినీ ఒకే దఫాలో పంపితే చీటీ నిలుస్తుందని కూడా ఆమే చెప్పింది. గంగరాజు తననూ లోపల పెట్టమని అర్జీ ఇచ్చాడు. ముంపు రోజున హాజరుగా లేనివారిని ముంపు బాధితులుగా గుర్తించలేమని తొమ్మిది రోజుల్లో జవాబొచ్చింది. ఆ కార్యాలయంలో ఇంత త్వరగా జవాబు రావడం అరుదని మెహరున్నీసా అంది.

ఆఖరి మంగళవారం అతను సంగతి దాచాలనుకున్నాడు. ఆమెకు అప్పటికే తెలుసు.

"మమ్మల్ని మార్చేత్తారంట కదా. తర్వాత నేను గుర్తుపట్టకపోతే కంగారుపడిపోకు మావా."

"పడన్లే."

"అన్నం తింటన్నావా, టీలతో గడిపేత్తన్నావా?"

"తింటన్నానే."

అది అబద్ధమనీ ఆమెకు తెలుసు. మిగిలిన పదకొండు నిమిషాలు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. కార్యాలయం వాటినీ సంభాషణగానే నమోదు చేసుకుంది.

మార్పిడి నాలుగు రోజులు సాగింది. నష్టమేమీ లేదని ధ్రువపత్రం ఇచ్చారు. మంగళవారం అతను ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

"ఎవరండీ?" అంది భూలక్ష్మి. పెళ్లయ్యాక ఆమె అతన్ని 'అండీ' అనడం అదే మొదటిసారి.

"గంగరాజునండి. దర్జీని. మీ వార్డే."

"అలాగా. ఏం పని మీదొచ్చారు?"

"ఊరికేనండి. రెండు మాటలు మాట్టాడదారని."

"మాట్టాడండి. నాకోసం ఎవరూ రారు ఇక్కడికి."

అతను తామిద్దరూ మొదటిసారి కలిసిన రోజు సంగతి చెప్పాడు. ఒకమ్మాయి రవిక కుట్టించుకోవడానికి వచ్చింది. చేతులు పొట్టిగా కుట్టాడని కొట్టు ముందు నిలబడి దెబ్బలాడింది. రెండోసారి కుట్టినప్పుడు కావాలనే ఇంకా పొట్టిగా కుట్టాడు, మళ్లీ వస్తుందని. భూలక్ష్మి ఫక్కున నవ్వింది.

"ఎవరండీ ఆవిడ?"

"మా ఆవిడండి."

"అదృష్టవంతురాలు," అంది భూలక్ష్మి.

ఇరవై నిమిషాలు దాటినా వెనక క్యూలో ఎవరూ తొందరపెట్టలేదు. సొంత తల్లికో తమ్ముడికో తమ పేరు ఎలా చెప్పుకోవాలా అని, ఎవరి మటుకు వాళ్లు పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటున్నారు.