డి గ్రేడు శ్రీలలిత

ఆ ఉదయం డాబా మీద వడియాలు పెడదామని కమలాబాయి పిండిగిన్నెతో మెట్లెక్కింది. సైనిక్‌పురిలోని తమ ఇంట్లో పైవాటా సృజనకు అద్దెకిచ్చారు. తలుపు బార్లా తెరిచి, కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరితోనో మాట్లాడుతోంది ఆమె.

"శ్రీలలితతోని పరేషానే సార్. మస్తు తాగుతది, మెల్లగ నడుస్తది. గిట్లయితే డి గ్రేడే."

కమలాబాయి గిన్నె గుమ్మం పక్కన దించి చెవి ఒగ్గింది. శ్రీలలిత ఆమె కొత్త కోడలు, కాకినాడ పిల్ల. నడక మెల్లనే, ఆ మాట వీధంతా చాటింది తానే. కానీ తాగడమేమిటి?

"తుఫాన్ల రోజులు లెక్కలకెల్లి తీసేస్తే సి వస్తది సార్. వాటి సంగతి కెప్టెనే రాసి పంపిండు."

తుఫాన్లంటే ఇంట్లో గొడవలే అయ్యుండాలి. ఇక ఆ ఇంట్లో కెప్టెన్ ఒక్కడే, సైన్యంలో చేసి రిటైరైన ఆమె భర్త సోమయ్య. గబగబా దిగివచ్చి, పేపరు చదువుతున్న ఆయన్ని నిలదీసింది.

"ఇంట్ల లొల్లి బయటోళ్లకు రాస్తున్నవా?"

సోమయ్య తెల్లబోయాడు. "బయటోళ్లకేడ రాసిన? మీ అన్నకే మెసేజ్ పెట్టిన, కోడల్ని జెర సతాయిస్తున్నవని."

ఆమె అన్నకు కూడా తెలిసిపోయిందన్నమాట. ఈ గోలకు వంటింట్లోంచి శ్రీలలిత వచ్చింది.

"నువ్వు తాగుతవా?" అని సూటిగా అడిగింది కమలాబాయి.

"ఇందాకే తాగానండి అత్తయ్యగారూ. మీకూ కలపమంటారా?"

ఎంతైనా ఇంటి పిల్లకు బయటివాళ్లు గ్రేడు పెట్టడమేమిటని కమలాబాయికి రోషం వచ్చింది. తిరిగి పైకెక్కి సృజన ముందు నిలబడింది. "తాగితే తాగింది. మా కోడలు బంగారం. దానికి గ్రేడు పెట్టెటందుకు నువ్వెవరు? డి కొట్టేసి ఏ గ్రేడు రాయి."

కంప్యూటర్ తెర మీది పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకున్నాడు. సృజనకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఆంటీ, శ్రీలలిత ఓడ పేరు. తాగేది నూనె. ఎంత నూనె కాల్చి ఎంత దూరం పోయిందో చూసి గ్రేడిస్తం. తుఫాన్ల నూనె ఎక్కువ కాలుతది, ఓడ ముందుకు పోదు. అది ఓడ తప్పు కాదు గదా, అందుకే ఆ రోజులు తీసేయాలంటున్న. రాసి పంపింది ఓడ కెప్టెన్."

కమలాబాయి గిన్నె తీసుకుని వెనక్కి తిరిగింది. మెట్ల మీద శ్రీలలిత కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది, కళ్లు చెమర్చాయి.

అత్తగారు తన పక్షమేనని తెలిసిపోయాక, ఆ కోడలు మర్నాటి నుంచి తెల్లగా తెల్లారాకే నిద్ర లేవసాగింది.