ప్రభుత్వ గుర్తింపు పొందిన చలిగాలి

ముసలాయన భార్యను చలిగాలి చంపింది. పడకగది కిటికీకీ గోడకీ మధ్య వేలు దూరేంత సందు. రెండు శీతాకాలాలు ఆ గాలి ఆవిడ మంచం మీదనే వీచింది. దీని మీద ఎవరితోనూ వాదించే ఓపిక ఆయనకు లేదు. ఇప్పుడా మంచం మీద ఆయన పడుకుంటున్నాడు, ఆ దగ్గే ఆయనా దగ్గుతున్నాడు.

అలాంటి ఇంటి మీద ఇంధన పొదుపు శాఖ దయతలచింది. "ఇకపై ఏ పేదవాడి ఇంట్లోంచీ వెచ్చదనం బయటికి పోదు" అని మంత్రిగారు ప్రకటించారు. ఇల్లిల్లూ తిరిగి ముసలీముతకల మంచిచెడ్డలు చూసే కార్యకర్తలకు సందులు పూడ్చడంలో ట్రైనింగ్ ఇవ్వాలని నిర్ణయమైంది. ప్రాక్టికల్స్‌కు ముసలాయన ఇల్లు ఎంపికైంది.

మొదటి బ్యాచ్ వచ్చింది. కిటికీ దగ్గర కొవ్వొత్తి పెడితే ఠక్కున ఆరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ట్రైనింగ్ ఇచ్చే ఆఫీసరు కళ్లు చెమర్చాయి.

"సర్వీసంతా ఇళ్లే చూశాను పెద్దాయనా. ఇంత క్లీన్ లీకేజీ ఎక్కడా లేదు."

సందులో గట్టిపడే నురుగు కొట్టి మూశారు. ఆ పూట ముసలాయన దగ్గకుండా నిద్రపోయాడు. పొద్దున్నే ఆఫీసరు ఉలి తెచ్చి నురుగంతా గీకేశాడు.

"ఇదేం పనయ్యా?"

"రెండో బ్యాచ్ వస్తోంది కదండీ. వాళ్లు మాత్రం దేన్ని చూసి నేర్చుకుంటారు?"

బ్యాచ్ మీద బ్యాచ్ వచ్చింది. మూయడం, గీకడం. గీకిన ప్రతిసారీ సందు కాస్త పెద్దదైంది. ముసలాయనకు మందులు తెచ్చిపెట్టే కార్యకర్త ఒకామె ఉండబట్టలేక అడిగింది.

"సార్, బాబాయికి దగ్గు ఎక్కువైంది. ఈసారికి వదిలేద్దాం."

"చూడమ్మా, లబ్ధిదారుడి మీద జాలి పడకూడదని మూడో మాడ్యూల్లోనే చెప్పాం."

ముసలాయన తన భార్య శాలువాను సందులో కుక్కాడు. ఆఫీసరు దాన్ని లాగి మడతపెట్టి ఆయన చేతికిచ్చాడు. శిక్షణ సామగ్రిని పాడుచేయడం నేరమని మర్యాదగానే చెప్పాడు.

"ఓపిక పట్టు బాబాయ్. ముగింపు రోజున మంత్రిగారే స్వయంగా మూస్తారట. ఆ తర్వాత బ్యాచ్‌లు లేవు" అంది ఆమె.

ముసలాయన ఓపిక పట్టాడు. మంత్రిగారు వచ్చారు. నురుగు డబ్బా చేతికిచ్చారు. కొవ్వొత్తి వెలిగించారు, అది ఆరిపోయింది. మళ్లీ వెలిగించమన్నారు, మళ్లీ ఆరిపోయింది. మంత్రిగారు డబ్బా కింద పెట్టేశారు.

"దీన్ని మూసేస్తే రాబోయే తరాలు ఏం చూసి నేర్చుకుంటాయి? ఈ సందును శాశ్వత శిక్షణ కేంద్రంగా ప్రకటిస్తున్నాను."

కిటికీ పైన ఇత్తడి పలక బిగించారు. మూయరాదు అని దాని మీద చెక్కించారు. ముసలాయన భుజాన దుప్పటి కప్పి ఫొటో తీశారు, ఇంకో ఊళ్లో సభ ఉందని దుప్పటి తీసుకెళ్లారు.

"ఎలా ఉంది పెద్దాయనా?" అని పత్రికాయన అడిగాడు.

ముసలాయన దగ్గు ఆగేదాకా ఆగి, "ఈ సంగతి ఇక నా నోట రాదు" అని తలుపు వేసుకున్నాడు.

ఆనందంతో లబ్ధిదారుడి నోట మాట రాలేదని మర్నాడు పత్రికలో పడింది. కార్యకర్త అది చదివి వినిపించి, "ఖండిద్దామా బాబాయ్?" అంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆనాటి నుంచి ఆ మాట ఎవరెత్తినా ఆయన పలకలేదు.