మూడు చక్రాలు, మూడు కాటాలు

పదింటికల్లా విమానం తూకం పూర్తి కావాలి, భోజనం వేళకు ఎగరడానికి అనుమతి కాగితం చేతికి రావాలి. ఆ ఉదయం షావుకారు వేసుకున్న లెక్క ఇది. గింజల కొట్టు నడుపుకుంటూనే, ఏడేళ్లు గోదాములో కష్టపడి, ఒక్క మనిషి ఎక్కే విమానాన్ని సొంత చేతులతో తయారు చేసుకున్నాడు. ఇవాళ తప్పితే విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చేది ఏడాదికే.

మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి తూచాలి. అద్దెకు చెప్పినవి రాలేదు.

"మన కొట్లో లేవా ఏంటి బావా!" అంటూ బామ్మర్ది వెళ్లి మూడు కాటాలు పట్టుకొచ్చాడు. షావుకారు స్నానం చేసి వచ్చేసరికి విమానం వాటి మీద కూర్చుని ఉంది. పక్కనే ఇన్‌స్పెక్టరు, చేతిలో కలం.

కాటాల కాళ్లకున్న దారాల రంగు చూడగానే షావుకారు గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక చక్రాల కింద ఎర్ర దారాలు. అవి అమ్మకం కాటాలు, కిలోకు అరవై గ్రాములు ఎక్కువ చూపిస్తాయి. ముక్కు చక్రం కింద పచ్చ దారం. అది కొనుగోలు కాటా, అంతే తక్కువ చూపిస్తుంది. ఈ సంగతి భార్యాభర్తలిద్దరికే తెలుసు.

ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. "తోక బరువైంది షావుకారు గారూ. గాల్లోకి లేస్తే ముక్కు మళ్లీ దిగదు."

"నేల వాలుగా ఉందండీ."

చెక్కలు పెట్టి సరిచేశారు. అంకెలు మారలేదు.

"గాలి కొడుతోందండీ."

తలుపులు మూశారు. చెమటలు పట్టాయి, అంకెలు మాత్రం అవే.

"ముక్కులో ఎనిమిది కిలోల సీసం బిగించండి, సంతకం పెట్టేస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎంతసేపు సార్!" అని బామ్మర్ది అప్పటికే పానా అందుకున్నాడు.

దొంగ తూకానికి నిజం సీసం కడితే ముక్కు నేల వదలదు. రన్‌వే చివర రాతిగోడ ఉంది. టీ తెచ్చిన భార్య భర్త చెవి దగ్గర మెల్లగా అంది: "ఏమండీ, ఎక్కేది మీరే కదా?"

ఇరవై ఏళ్ల వ్యాపారంలో షావుకారు మొదటిసారి అవతలి పళ్లెంలో కూర్చున్నాడు.

"సార్... తేడా విమానంలో లేదు. కాటాల్లో ఉంది."

ఇన్‌స్పెక్టరు కలం జేబులో పెట్టాడు. విమానాన్ని దింపించి, ఎర్ర దారం కాటా ఎక్కాడు. ఎనభై ఐదు. పచ్చ దారం కాటా ఎక్కాడు. డెబ్బై ఐదు.

"నిన్న డాక్టరు దగ్గర ఎనభై ఉన్నాను. నిజం చెప్పే కాటా ఒక్కటైనా ఉందా?"

"ఉందండీ," అంది భార్య. "మా ఇంటి సరుకు తూచుకునేది."

ఆ ఒక్క కాటానే ఒక్కో చక్రం కింద మార్చి మార్చి పెట్టారు. మొత్తం మూడు వందల కిలోలు, బరువు ఉండాల్సిన చోటే ఉంది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, ఇంకో కాగితం తీశాడు.

"పదకొండేళ్లుగా మా ఇంటికి నెలకు నలభై కిలోల సరుకు మీ కొట్టు నుంచే," అన్నాడు.

లెక్క షావుకారే కట్టాడు. తరుగు సుమారు మూడు వందల కిలోలు, ఒక విమానం.