సబ్బుపెట్టెంత మిక్సరూ, ఇరవై అడుగుల గుసగుసా

ఖరగ్‌పూర్ జంక్షన్‌లో ఏ బండి ఎంతసేపు ఆగుతుందో చెప్పొచ్చు గానీ, గోవిందరావు మెదడు ఎక్కడ ఆగుతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఈ మాట అన్నది ఎవరో కాదు, గోవిందరావే. శనివారం పొద్దున్నే చెల్లెలు అప్పలనర్సమ్మ వంటింట్లో పీట వేసుకుని, టీలో రస్కు ముంచుతూ అన్నాడు.

"ముప్ఫై నాలుగేళ్ళు పార్సిల్ ఆఫీసులో సేసినాను సెల్లీ. మూసిన పెట్టి మూసినట్టే ఉంటాది, లోపలేటుందో నేను సెప్పేస్తాను. నేరస్తుడన్నోడి గుండెల్లో రైళ్ళు పరిగెత్తాల!"

రస్కు సగం విరిగి టీలో మునిగిపోయింది. దాన్ని వేలితో వెతుక్కున్నాడు.

అతను మూసిన పెట్టెల గురించి చెప్పిన వాటిలో ఒక్కటీ నిజం కాలేదని అప్పలనర్సమ్మకి తెలుసు. ఎండుచేపలన్న బుట్టలో పెళ్ళిచీరలున్నాయి. అయినా భయపడ్డ మనిషికి పక్కన ఇంకో మనిషి కావాలి. ఆ మనిషికి బుర్ర ఉండి తీరాలని ఎక్కడా లేదు.

ఆమెకి భయం కొత్త కాదు. కుక్కరు కూత ఆలస్యమైతే పేలిపోతుందేమోనని భయం, తొందరగా వస్తే పప్పు ఉడకలేదేమోనని భయం. ఈసారి మాత్రం భయానికి ఆధారం దొరికింది. కూతురు పూజ తలగడ కింద, పాత చున్నీలో చుట్టి ఉన్నదాన్ని వంటింట్లోకి పట్టుకొచ్చింది.

"ఇదిగో అన్నియ్యా, సూడు. పిల్ల నీళ్ళు పోసుకుంటన్నాది. బేగి సూసెయ్."

సబ్బుపెట్టెంత నల్లటి వస్తువు. పైన పెసరగింజలంతేసి గుండీలు వరసగా ఉన్నాయి. ఒక మూల ఎర్రదీపం మిణుకుమంటోంది. పక్కల్నించి వైర్లు. ఒక వైరు చివర చెవిలో పెట్టుకునే బుడిపెలు.

గోవిందరావు దాన్ని వాసన చూశాడు. కుదిపాడు. కళ్ళజోడు పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు.

"పక్కింటి సుజాతమ్మగారి అత్తగారు జాకెట్లో ఏటి పెట్టుకుంటారు?"

"సెవి మిషను."

"ఎలాగుంటాది?"

అప్పలనర్సమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. చిన్న పెట్టె, గుండీ, చెవికి వైరు. అచ్చం ఇలాగే ఉంటుంది.

"మూడ్రోజుల్నించి పిలస్తంటే పలకట్లేదు అన్నియ్యా! పూజా, ఓ పూజా అని గొంతు పోయేలాగ అరిసినా, ఇటు తిరిగి సూడదు. తరవాతెప్పుడో వచ్చి ఏటమ్మా అంటాది."

"కేసు ఖాయం!" అన్నాడు గోవిందరావు. "పిల్లకి సెవుడు!"

ఆమె పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. సోమవారం పూజకి రైల్వే మెడికల్. అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష గట్టెక్కింది, డాక్టరు ఫిట్ అని రాస్తే ఇంజనెక్కడమే తరువాయి. కళ్ళు చూస్తారు, చెవులు చూస్తారు. ఇరవై అడుగుల దూరంలో వెనక్కి తిప్పి నిలబెట్టి గుసగుసగా ఒక మాట చెప్తారు. ఆ గుసగుస వినపడకే పూజ తండ్రి ఎనిమిదేళ్ళ కిందట ఇంజను దిగిపోయాడు. ఇప్పుడు డ్రైవర్లు డ్యూటీకెక్కే లాబీలో కుర్చీలో కూర్చుని వేరేవాళ్ళ డ్యూటీలు రాస్తాడు. దిగిన రోజున అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టకుండా లేచిపోయాడు. ఆ కంచం ఆమెకి ఇంకా కళ్ళముందే ఉంది. ఇప్పుడు కూతురి కంచం కూడా కనిపించింది.

"తల్లీ, పిల్ల సెవులు బాగుంటే పది కొబ్బరికాయలు కొడతాను" అని పొయ్యి దగ్గరే, ఆవాల చిటపటలో కలిసిపోయేలా గొణుక్కుంది. అప్పుడే పూజ తడిజుట్టుతో గుమ్మం దాటి పెరట్లోకి వెళ్ళింది.

గోవిందరావు ఆ వస్తువుని చున్నీలో చుట్టి, గదిలోకెళ్ళి మళ్ళీ తలగడ కిందికి తోసి వచ్చాడు. "ఇప్పుడు శాస్త్రీయ పరీక్ష. మొదటిది గుసగుస. రెండోది రహస్యం."

"రెండోదేటి?"

"సెప్పీస్తే రహస్యమెలాగవుతాది?"

కాసేపటికి పూజ గదిలోకి వెళ్ళి ఆ మూటని బయటికి తీసింది, వైరు చివర బుడిపెలు జుట్టులో దాచుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. ఈ సంగతి వెనక నిలబడ్డ ఇద్దరికీ కనపడలేదు. గోవిందరావు మెట్టు దగ్గర్నించి చెప్పుకి చెప్పు ఆనించి ఇరవై అడుగులు కొలిచాడు. పదిహేనో అడుగు దగ్గర గోడ వచ్చింది. మిగతా అయిదూ అడ్డంగా నడిచాడు. ఆరేసిన దుప్పటి వెనక నిలబడి గుసగుసలాడాడు.

"పూజా... రసగుల్లా."

పూజ కదల్లేదు.

"రసగుల్లా..."

పూజ తల ఊపింది, కానీ రసగుల్లాకి కాదు, ఏదో తాళానికి. మూడోసారి అనేసరికి గోడ అవతల్నించి సుజాతమ్మ తొంగి చూసింది.

"నాకు ఇనపడింది గోవిందరావుగారూ. ఎవులు తెచ్చినారు రసగుల్లాలు?"

అప్పలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింటావిడకి వినపడింది, కన్నకూతురికి వినపడలేదు. ఇంకేం కావాలి?

ఆమె అలా కుమిలిపోతుండగా గోవిందరావు గదిలో ఉన్న పూజ సంచీ దగ్గరికి పిల్లిలా వెళ్ళి, రుమాలేదో చేతిలో పట్టుకుని లోపలి జేబులో ఒక క్షణం తడిమాడు. తిరిగొచ్చి, "రెండో పరీక్ష పెట్టీసినాను" అని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

పది నిముషాలకి పూజ ఆ చున్నీమూట సంచీలో వేసుకుని సైకిలెక్కింది. "జెనీ దగ్గరికమ్మా, ప్రేమ్ బజార్! మధ్యాన్నానికి వచ్చీస్తాను!"

"వెంబడించాల!" అన్నాడు గోవిందరావు. వెంబడించడానికి వేషం కావాలి. మే నెల ఎండలో మంకీ క్యాపు పెట్టుకుని, భుజానికి గొడుగు తగిలించుకున్నాడు. వీధి మొదట్లోనే ఇద్దరు "ఏటి గోవిందరావుగారూ, జొరమా?" అని పలకరించారు.

చెల్లెలితో కలిసి టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కాక టైము చూడబోయి అతను కెవ్వుమన్నాడు. "నా గడియారం!"

రిటైరైన రోజున పార్సిల్ ఆఫీసువాళ్ళు ఇచ్చిన కీ గడియారం అది. పట్టీ తెగిపోతే రుమాల్లో చుట్టి చొక్కాజేబులో పెట్టుకు తిరుగుతాడు. జేబు తడిమాడు. రుమాలూ లేదు, గడియారమూ లేదు.

"కేసులో మలుపు!" అని టోటో అబ్బాయి మెడ వంక చూశాడు. "దాదా, మేరా ఘడీ?"

"ఘొడీ నియే ఆమీ కీ కోర్బో దాదా?" అని, గడియారంతో తనకేం పనని బెంగాలీలో అంటూ ఆ అబ్బాయి నవ్వి, టైము చూసుకోడానికి తనకి మొబైలుంది కదా అన్నట్టు ఫోను ఎత్తి చూపించాడు.

"తెలివైనోడు. ఆధారం దాచీసినాడు" అని చెల్లెలి చెవిలో అన్నాడు గోవిందరావు.

ఆమె మనసు అక్కడ లేదు. సోమవారం డాక్టరు గుసగుస కూతురి వీపు దాకా వచ్చి అక్కడే రాలిపోతున్నట్టు ఆమెకి కనిపిస్తోంది.

ప్రేమ్ బజార్లో తిమోతి దుకాణం ముందు పూజ సైకిలుంది. పూజలకీ, చర్చి సభలకీ సౌండు బాక్సులు అద్దెకిచ్చే దుకాణమది. మనిషెత్తు బాక్సులు రెండు రోడ్డు వారన పెట్టి ఉన్నాయి. ఒకదాని పక్కన స్టాండుకి మైకు. లోపల పూజ, ఆమె స్నేహితురాలు జెనీ, తిమోతి బల్ల మీదికి వంగి ఉన్నారు. బల్ల మీద ఆ సబ్బుపెట్టె.

అన్నాచెల్లెళ్ళు బాక్సు వెనక నక్కారు. గోవిందరావు మంకీ క్యాపు సవరించుకుని, ఊపిరి బిగబట్టి గుసగుసలాడాడు.

"ఇనుకో సెల్లీ. పిల్లకి ఎడం సెవి పూర్తిగా పోయినాది. కుడి సెవి సగం. దొంగ మిషను పెట్టుకుని డాక్టరు కళ్ళు కప్పాలని పథకం. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాల."

ఆ మాటలన్నీ, ఆఖరి "ఉండాల" దాకా, ప్రేమ్ బజార్ మొత్తం మోగాయి. ఎగ్ రోలు వేసేవాడు పెనం మీద చెయ్యి ఆపేశాడు. కాలేజీ గేటు దగ్గర కుర్రాళ్ళు సైకిళ్ళు దిగిపోయారు. ఒక ముసలాయన తన ఎడం చెవి తడుముకున్నాడు. గోవిందరావు ఇంకా ఆ గొంతు ఎవరిదా అని చుట్టూ చూస్తున్నాడు.

పూజ బయటికొచ్చింది. "మావయ్యా, మైకు ముందు గుసగుసలేటి? ఎవులి సెవి పోయినాది?"

అప్పలనర్సమ్మ ఆగలేకపోయింది. కూతురి రెండు చెవులూ రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది. "నాకు సెప్పొచ్చు కదే! సెవి మిషను ఎట్టుకుని ఎన్నాళ్ళు దాస్తావు? సోమవారం ఏటౌతాదో తెల్సా నీకు? మీ నాన్న అన్నం ముందునించి లేసిపోయినాడే!"

పూజ మొదట తెల్లబోయింది. తరవాత నవ్వబోయి, తల్లి మొహం చూసి మానుకుంది. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"ఇది సెవి మిషను కాదమ్మా, పాటల మిక్సరు. జెనీ కీబోర్డు, నా తాళాల మిషను, ఫోను, ఆ మైకు, అన్నీ ఇందులోకొచ్చి ఒక్క పాటగా బయటికెళ్తాయి. హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో ఒక సీనియర్ స్టూడెంటు అమ్మీస్తన్నాడు. నాలుగ్రోజులు వాడి సూడమని ఇచ్చినాడు. ఖరీదైనది కదా, జాగర్తగా దాసినాను. నీకు సూపిస్తే షాకు కొడతాదంటావు."

"కొట్టదా?"

"కొట్టదు!"

"షాకు ధర సూస్తేనే కొడతాది" అన్నాడు తిమోతి. "ఆ డబ్బులకి నా దగ్గరున్న బల్లంత మిక్సర్లు రెండొస్తాయి. దీని గుండీలు సూడండి, వేలు ఆన్తాదా?"

గోవిందరావు ఆధారం పరిశీలిస్తానని ఒక గుండీ తిప్పాడు. అతని బొటనవేలి కింద మూడు గుండీలు ఒకేసారి తిరిగాయి. రోడ్డు మీది బాక్సు గేదెలా అరిచింది.

"సూసినారా!" అన్నాడు తిమోతి.

"మీ బల్లని సైకిలు మీద తేగలరా అంకుల్?" అంది జెనీ.

పూజ ఆ పెట్టెను అరచేతిలో పెట్టుకుంది. "ఇంట్లో బల్లా కుర్చీ ఉన్నోళ్ళకి ఇది దండగే. నాకు బల్లెక్కడుంటాది? ఈరోజు టాటానగర్, రేపు ఇంకెక్కడో. డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో మంచమే నా బల్ల. డ్యూటీ సంచీలో జెండాలు, టార్చీ, టిఫిను పోగా ఇంతే జాగా ఉంటాది. నాలాటోళ్ళకే ఇది. కానీ తిరిగిచ్చీస్తాను. ఇందులో లోపముంది. ఈ కొట్టుకి వచ్చినకాడ్నించి టిక్ టిక్ మంటన్నాది."

"మాకు వినపడట్లేదంటే వినదు" అంది జెనీ. తిమోతి చెవి ఆనించి చూసి, లేదన్నాడు.

పూజ అన్ని వైర్లూ పీకేసి పెట్టె కట్టేసింది. దీపం ఆరిపోయింది. "ఇప్పుడూ ఇనపడతన్నాది!" అంది ఆశ్చర్యంగా. "అయితే పెట్టిది కాదు." తల ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. బజార్లో టోటోల హారన్లు, పెనం చుయ్యిమనడం. అందులోంచే నూలుపోగులాంటి చప్పుడు పట్టుకుని నాలుగడుగులు నడిచింది. మూలన కుర్చీ మీద తన సంచీ. లోపలి జేబు. నాలుగు మడతల రుమాలు. విప్పితే కీ గడియారం.

అందరూ గోవిందరావు వంక చూశారు. అతను మంకీ క్యాపు తీశాడు. నెత్తి మీంచి ఆవిరి వచ్చింది.

"రెండో పరీక్ష!" అన్నాడు, అప్పుడే గుర్తొచ్చి. "గడియారం సంచీలో దాస్తే ఇనపడతాదా లేదా అని! నేనే పెట్టినాను! ఇదంతా నా పథకం ప్రకారమే జరిగినాది!"

"మరి టోటో అబ్బాయిని దొంగన్నావు కదా?" అంది అప్పలనర్సమ్మ.

"అదీ పథకమే."

రుమాల్లో చుట్టి సంచీలో పెట్టిన గడియారం, నడి బజార్లో, తన కూతురికి వినిపించింది. ఆమె ఆ మాటని నాలుగుసార్లు లోపల తిప్పుకుంది. తరవాత కొత్త అనుమానం పుట్టింది. "మరైతే మూడ్రోజుల్నించి పిలస్తంటే ఎందుకు పలకలేదే?"

పూజ వైర్లు మళ్ళీ తగిలించి, బుడిపెలు తల్లి చెవుల్లో పెట్టింది. మొదట వర్క్‌షాపు సైరను దూరంగా. దాని కింద ఆవాలు చిటపటమన్నాయి, తాళం ప్రకారం. కుక్కరు కూత. ఆ మీదట తన గొంతే: "పూజా... ఓ పూజా..." సుడి తిరిగి తిరిగి వస్తోంది.

"రికార్డు సేస్తన్నాను. పలికితే పాడైపోతాది కదా. రన్నింగ్ రూములో ఇనుకోడానికి" అంది పూజ, నేల చూపులు చూస్తూ.

అప్పలనర్సమ్మ చెయ్యి చాపి, బియ్యంలో రాళ్ళేరే వేళ్ళతో ఒకే ఒక్క గుండీని, పక్కవి కదలకుండా, కొంచెం తిప్పింది. తన గొంతు తగ్గింది. ఆవాలు పెరిగాయి.

"నా గొంతు మరీ కంగారుగా ఉన్నాది. ఇలాగైతే బాగుంటాది" అంది.

తిమోతి ఆ వేళ్ళ వంక చూసి, "సరే, ఇలాటి వేళ్ళున్నోళ్ళయితే తీసుకోవచ్చు" అని ఒప్పుకున్నాడు. పూజ తల్లి చేతులు తన చేతుల పక్కన పెట్టి చూసుకుంది. వేళ్ళు ఒకటే పోత. తీసుకుంటానని సీనియర్‌కి అక్కడినించే ఫోను చేసింది.

సాయంత్రం గోవిందరావు తన కేసు పుస్తకంలో "చెవి కేసు: అసాధారణ మేధాశక్తి వల్ల పరిష్కారం" అని రాసుకుని, అదే పుస్తకం కోసం వెతుకుతూ ఇంటికెళ్ళాడు. అది అతని చంకలోనే ఉంది.

వంటింట్లో అప్పలనర్సమ్మ అమ్మవారి పటం ముందు దీపం వెలిగించింది. పూజ పెరటి చివర దుప్పటి మడతపెడుతోంది. పటం దగ్గర్నించి ఇరవై అడుగులకి పైనే ఉంటుంది. అప్పలనర్సమ్మ పెదవులు కదిపీ కదపకుండా గొణిగింది. "తల్లీ, సెవులు లక్షణంగా ఉన్నాయి. పొద్దున్న కంగారులో పది అనీసినాను. అయిదు కొడితే సాలదా?"

"పదన్నావమ్మా!" అని పెరట్లోంచి కేక. "పొయ్యి దగ్గర! దేనికో తెల్దు గానీ, బేరాలాడకు!"

అప్పలనర్సమ్మకి ప్రాణం లేచొచ్చింది. సోమవారం డాక్టరు ఎంత గుసగుసలాడినా ఇక బెంగలేదు. అంతలోనే కొత్త భయం పట్టుకుంది. ఇంత బాగా వినపడే పిల్ల ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంది. తనూ మొగుడూ ఈ వంటింట్లో గొంతు తగ్గించుకుని ఏమేమి అనుకున్నారో!

పదకొండోది కూడా కొడతాను తల్లీ, అని మొక్కుకుంది. ఈసారి పెదవులు కూడా కదపలేదు.