ఒక్క నట్టూ మార్చని కారు

ఆ ఆదివారం ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు కొనడానికి వచ్చే మనిషికి నిజం చెప్పేయాలి, అంతే. ఆ నిజం విన్నాక కూడా కొనేంత వెర్రిబాగులవాడు తను తప్ప ఇంకొకడు ఉండడని అతని ధీమా.

గుమాస్తా జీతానికి కొత్త కారు అందని మాట. అందుకని తనకంటే పెద్ద వయసున్న బుల్లి కారు ఒకటి ఏరికోరి తెచ్చుకుని, ఇంటి ముందు షెడ్డులో పెట్టి, సెలవు దొరికితే చాలు దాని కింద దూరేవాడు. అతనికి కారంటే ప్రాణం. కారుకి అతనంటే అంత లేదు. ఎంతో బతిమాలితే ఎప్పుడో ఒకసారి కదిలేది. భార్య ఓర్చినంతకాలం ఓర్చింది. వంటింటి మూల కూర్చుని ఊరందరి బట్టలూ కుట్టీ కుట్టీ ఆవిడ నడుము పడిపోయింది. ఇక లాభం లేదని, ఆ షెడ్డులోనే కుట్టు దుకాణం పెట్టడానికి కొత్త మిషన్లకు ఆర్డరు ఇచ్చేసింది.

"మధ్యాహ్నం మిషన్ల వ్యాను వస్తుంది. ఆ లోపు షెడ్డు ఖాళీ కావాలి. కారు కావాలో నేను కావాలో తేల్చుకోండి," అంది.

"నేనేమన్నా వద్దన్నానా?" అన్నాడు గుమాస్తా, వద్దన్న మొహమే పెట్టి.

వచ్చినవాడు పళ్ల డాక్టరు. కొత్తగా క్లినిక్ పెట్టుకున్నాడు. చేతిలో డబ్బు తక్కువ, పాత కార్ల పిచ్చి ఎక్కువ. వస్తూనే జేబులోంచి పళ్లు చూసే బుల్లి అద్దం తీసి, కారు కింద పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు.

"ముందే చెప్పేస్తున్నానండీ, తర్వాత మోసం చేశాననుకుంటారు. రేడియో పలకదు," అన్నాడు గుమాస్తా.

"ఎవరైనా విప్పారా?"

"ఎవరూ విప్పలేదు."

డాక్టరు మొహం వెలిగిపోయింది. అదెందుకో గుమాస్తాకి అర్థం కాలేదు. ఈసారి కాస్త గట్టి దెబ్బే వేద్దామనుకున్నాడు. "డ్రైవరు తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తీసుకోవాలి. వానొస్తే బయటకన్నా లోపలే ఎక్కువ తడుస్తాం."

"మా నాన్నగారి కారూ అంతేనండీ. లోపల గొడుగేసుకుని కూర్చునేవాళ్లం," అంటూ డాక్టరు బానెట్టు మీది తుప్పుని ఆప్యాయంగా నిమిరాడు. "పుట్టినప్పటి రంగు మీదే పట్టిన తుప్పు. ఎంత అదృష్టవంతులండీ మీరు."

గుమాస్తా చెప్పిన ప్రతి అవలక్షణానికీ బేరం ఇంకా గట్టిపడుతోంది.

లోపల్నుంచి వింటున్న భార్యకి మాత్రం మొగుడు చేతులారా బేరం చెడగొడుతున్నట్టే అనిపించింది. పరుగున బయటికొచ్చింది. "ఆయన మాటలకేం లెండి డాక్టరుగారూ, బండి బంగారం. ఇంజను మొన్నే కొత్తది వేయించాం. స్టీరింగూ కొత్తదే," అని నోటికొచ్చిందల్లా చెప్పేసింది.

డాక్టరు చెయ్యి తుప్పు మీంచి జారిపోయింది. "మార్చేశారా?" అన్నాడు, చావు కబురు విన్నట్టు.

అప్పుడు వెలిగింది గుమాస్తాకి. "ఔనండీ, మార్చేశాం. గేరుబాక్సు కూడా వేరే బండిది. అసలు అందులో పాతదంటూ ఏం మిగల్లేదు," అని అందుకున్నాడు. మొగుడికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందని భార్య మురిసిపోయింది. ఆ మురిపెం డాక్టరు అద్దాన్ని జేబులో పెట్టుకునే దాకానే.

"అదేంటండీ, వెళ్లిపోతున్నారు?"

"అన్నీ కొత్తవే కావాలంటే కొత్త కారే కొనుక్కుంటాను కదమ్మా."

ఆవిడ ఒక్కసారి మొగుడి మొహంలోకి చూసింది. సంగతంతా అక్కడే కనిపించింది. "అబద్ధం చెప్పానండీ. ఒక్క నట్టు కూడా మార్చలేదు. అంతా పాతదే, నన్ను నమ్మండి," అంది.

"ఆవిడకి తెలీదండీ. ఇంట్లో చెప్పకుండా మార్పించాను," అనేశాడు గుమాస్తా.

"ఇంట్లో చెప్పకుండానా? ఎవరి డబ్బుతో?"

గుమాస్తా చెప్పినదాంట్లో సగం నిజం ఉండటమే అతని ఖర్మ. కార్బురేటరూ బ్రేకులూ మార్చమని గుట్టుగా డబ్బిచ్చిన మాట వాస్తవం. ఆవిడ ఇంకేమీ అడక్కుండా వీధికి అవతల షాపులో ఉన్న మెకానిక్‌ని కేకేసింది. "ఇలా రా తమ్ముడూ. ఈ కారులో ఏమేం మార్చావో డాక్టరుగారికి చెప్పు. మీ పాప గౌన్లు నా దగ్గరే ఉన్నాయి, అది గుర్తుంచుకుని చెప్పు."

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం మార్చలేదక్కా."

"మరి కార్బురేటరు?" అన్నాడు గుమాస్తా నిర్ఘాంతపోయి.

"తుడిచి పెట్టానన్నా."

"బ్రేకులు?"

"అవీ తుడిచానన్నా."

"అంటే ఇన్నాళ్లూ ఆ బ్రేకులతోనా నేను తిరిగింది?"

"తిరిగిందెక్కడ, అన్నా? బండి కదిలితే కదా."

డాక్టరు మెకానిక్‌ని కావలించుకున్నంత పని చేశాడు. బేరం అక్కడికక్కడే కుదిరిపోయింది. తాళంచెవి ఇస్తుంటే గుమాస్తాకి ఏడుపొచ్చింది. డాక్టరు మంచివాడు, కారుని ప్రాణంలా చూసుకుంటాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా బాధగా ఉంది. అతన్ని చూసి భార్యకీ మనసు చివుక్కుమంది గానీ, నడుం నొప్పి గుర్తొచ్చి ఊరుకుంది.

డాక్టరు కూర్చుని తాళం తిప్పాడు. కారు దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది. మెకానిక్ పానా పట్టుకుని ముందుకు రాబోతే, "చెయ్యి వేశావంటే ఊరుకోను," అన్నాడు డాక్టరు.

గుమాస్తా ఇక చూడలేకపోయాడు. "చోక్ సగం లాగండి. సగం కాదు, అంతకన్నా ఒక రవ్వ తక్కువ. కాలు అలా కాదండీ... మీరు జరగండి," అని తనే కూర్చున్నాడు. ఏ కళనుందో గానీ, కారు మొదటి తిప్పుకే స్టార్టయి బుద్ధిగా షెడ్డు బయటికి వచ్చింది.

"రోజూ దీన్ని ఎవరు స్టార్ట్ చేస్తారు?" అన్నాడు డాక్టరు బెంగగా.

"బాగు చేయిస్తే పోతుందిగా," అంది భార్య.

"బాగు చేయిస్తే ఇంకేం మిగుల్తుందమ్మా?" అని, డాక్టరు గుమాస్తా వైపు తిరిగాడు. "మీ ఆఫీసు మా క్లినిక్ దారిలోనే అని ఫోన్లో అన్నారు కదండీ. రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి మీరే స్టార్ట్ చేసి మీ ఆఫీసు దాకా నడిపితే, పెట్రోలూ టైర్లూ అన్నీ నేనే చూసుకుంటాను."

గుమాస్తా భయంభయంగా భార్య వైపు చూశాడు. మిషన్ల వ్యాను అప్పుడే వీధి మలుపు తిరుగుతోంది. ఖాళీ అయిన షెడ్డుని ఆవిడ కళ్లారా చూసుకుంది.

"వెళ్దురు గాని లెండి. ముందు ఆ మిషన్లు దింపండి," అంది.

కారులో ఆఫీసుకి వెళ్లాలన్న గుమాస్తా చిరకాల కోరిక, ఆ కారు అమ్మేసిన మర్నాడు తీరింది.