నాలుగు వాటాల ఎల్‌ఎన్‌బి

ఆ ఆదివారం పొద్దున పార్సిల్ గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే, బజారుకెళ్లి ఎల్‌ఎన్‌బి తెచ్చి డిష్‌కి బిగించడం. డిష్ ముందు కడ్డీ చివర ముక్కులా ఉంటుందే, అదే ఎల్‌ఎన్‌బి. ఆ మేడలోని నాలుగు వాటాలకూ కలిపి పైన ఒకటే డిష్. రాత్రి కురిసిన వానకి ఆ ముక్కులోకి నీళ్లు పోయి నాలుగిళ్ల టీవీలూ మూగబోయాయి. మెకానిక్కేమో రేపు వస్తానన్నాడు. రేపటిదాకా ఆగితే గుమాస్తా కొంప మునుగుతుంది.

ఎందుకంటే ఆ సాయంత్రం ఆయన మరదలు మొదటిసారి టీవీలో వార్తలు చదవబోతోంది. నిక్షేపంలాంటి బ్యాంకు ఉద్యోగం వదిలేసి ఓ చిన్న చానల్లో చేరిన నాటి నుంచి అత్తగారు ఆ పిల్లతో మాట్లాడటమే మానేశారు. పెద్దకూతురు కాళ్లావేళ్లా పడి తల్లిని తన ఇంటికి రప్పించింది. "ఒక్కసారి చూస్తాను. నచ్చితే మాట్లాడతాను, లేదంటే ఇక దాని ఊసెత్తకండి" అని ఆవిడ షరతు పెట్టి మరీ వచ్చారు.

"మెకానిక్‌ని ఎలాగోలా ఇవాళే రమ్మందామండీ. మీరు మాత్రం ముట్టుకోకండి" అంది భార్య.

"ఇంతోటి దానికి మెకానిక్ ఎందుకు? రెండు మరలు, నాలుగు తీగలు."

అత్తగారు పేపర్లోంచి తలెత్తకుండా, "ఫ్యాను బాగుచేసినప్పుడూ అల్లుడుగారు ఇలాగే అన్నారు" అన్నారు. ఆ ఫ్యాను ఇప్పుడు లేదు.

గుమాస్తా ఏళ్ల తరబడి పార్సిళ్లు తూచిన మనిషి. బరువుంటేనే సరుకు అన్నది ఆయన సిద్ధాంతం. గొడుగు దగ్గర్నుంచి గడియారం దాకా అన్నీ చేత్తో తూచే కొంటాడు. షాపాయన రెండు రకాలు బల్ల మీద పెట్టి, "రెండూ నాలుగు తీగలవేనండీ, కాకపోతే" అంటుండగానే చెరో చేతిలో ఒకటి పట్టుకుని, కళ్లు మూసుకుని, బరువుగా ఉన్నది తీసుకున్నాడు. షాపాయన పాపం ఏదో చెప్పబోయాడు. అది వినే ఓపికే ఉంటే ఈ కథెందుకు?

మధ్యాహ్నానికి టీవీలు పలికాయి. కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. గుమాస్తా ఇంట్లో గిన్నెలు అమ్మే చానళ్లు తప్ప ఇంకేమీ రావడంలేదు. ఎదురు వాటాలో అన్నీ సీరియళ్లే. కింది వాటాలో అన్నీ ఆటలే. పై వాటాలో అన్నీ బొమ్మల సినిమాలు, అదీ పిల్లల్లేని ఇంట్లో.

పై వాటావిడ దబదబా మెట్లు దిగింది. తడిబట్టల నీళ్లు తమ గుమ్మంలో కారుతున్నాయని పొద్దున్నే అత్తగారు ఆవిణ్ని నాలుగు మాటలని ఉన్నారు. "బట్టల మీద కోపం ఉంటే బట్టల మీద చూపించుకోవాలి. నా సీరియల్ తీసుకెళ్లి ఎదురింటికిస్తారా?" అంది.

గుమాస్తా పైకెక్కి తీగలు మార్చాడు. సీరియల్ కింది వాటాకి దిగిపోయింది. మళ్లీ మార్చాడు.

"వచ్చిందా?" అని పైనుంచి అరిచాడు.

"వచ్చింది, మళ్లీ మాకే" అన్నారు ఎదురువాళ్లు కిటికీలోంచి.

ఇంకోసారి మార్చేసరికి సీరియల్ పై వాటాకి చేరింది. ఆవిడ గుమాస్తాని కిందికి దింపి, డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది. అప్పుడు ఆయన షాపుకి ఫోన్ చేశాడు.

"ఆ బరువుది పెద్దపెద్ద భవనాలకండీ" అన్నాడు షాపాయన. "చానళ్లన్నీ నాలుగు భాగాలు చేసి ఒక్కో తీగలో ఒక్కో భాగం పంపుతుంది. మళ్లీ అన్నీ కలపడానికి వేరే పెట్టె ఉండాలి. మీకు కావలసింది తేలికదే. షాపు మూసేశాను, రేపు రండి, మార్చిస్తాను."

మరదలి చానల్ ఏ భాగంలో ఉందని వెతికితే, సీరియల్ ఉన్న భాగంలోనే తేలింది. అంటే పై వాటాలో. భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది పొద్దుట్నించి మూడుసార్లు ఫోన్ చేసిందండీ, అమ్మ చూస్తుందా అని." గుమాస్తాకి తల కొట్టేసినట్లయింది. బతిమాలుకోవడానికి మెట్లెక్కాడు.

అంతా విని, "పొద్దున నన్ను అన్నేసి మాటలన్నావిడ కూతురేనా?" అంది పై వాటావిడ.

"ఆవిడ కూతురేనండి."

"అయితే ఆవిణ్నే వచ్చి అడగమనండి."

గుమాస్తా దిగొచ్చి ఆ మాట నసుగుతూ చెప్పాడు. అత్తగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. తరవాత లేచి చెప్పులేసుకున్నారు. పై గుమ్మంలో నిలబడి, "బట్టలు మీవి, మీ ఇష్టమొచ్చినచోట ఆరేసుకోండమ్మా. నా కూతుర్ని మాత్రం చూడనివ్వండి" అన్నారు. ఆ గొంతు విన్నాక పై వాటావిడ కుర్చీ జరిపింది.

తమ ఇళ్లలో చూడదగ్గదేమీ లేక మిగతా వాటాల వాళ్లూ చేరారు. తెరమీదికి అమ్మాయి వచ్చింది. మొదటి వాక్యంలోనే తడబడింది. ఇంట్లో ఒంటరిగా చూసి ఉంటే అత్తగారు ఆ ఒక్క తప్పు పట్టుకుని లేచిపోయి ఉండేవారే.

"అయ్యో, తడబడిందే" అన్నాడు ఎదురు వాటాయన.

అత్తగారు గిరుక్కున తిరిగారు. "మొదటిరోజు కదా నాయనా. అదే మీరైతే నోరు పెగిలేదా? కాస్త విననివ్వండి."

అమ్మాయి కుదురుకుంది. ఇక ఎక్కడా ఆగలేదు. "ఎంత స్పష్టంగా చదువుతోందండీ మీ అమ్మాయి" అంది పై వాటావిడ. అత్తగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వార్తలవగానే పెద్దకూతురి ఫోన్ లాక్కుని, "నేనేనే. గొంతు ఆరిపోతున్నట్టుంది, పక్కన మంచినీళ్లు పెట్టుకోవూ? ఏమైనా తిన్నావా అసలు?" అన్నారు. అవతల నుంచి ఏడుపు ఒకటే వినిపించింది.

మర్నాడు గుమాస్తా, బరువుది విప్పి తెచ్చిస్తానని షాపాయనకి చెప్పి, బుద్ధిగా తేలికది తెచ్చి నిచ్చెన ఎత్తాడు. అత్తగారు అడ్డంగా నిలబడ్డారు. "దించండి, అల్లుడుగారూ. అది బిగిస్తే ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని చూస్తారు. నా కూతురు చదువుతుంటే నలుగురూ వినొద్దూ?"

గుమాస్తా నిచ్చెన దించాడు. భార్య సంతోషం పట్టలేక, "అయితే ఇంకొన్నాళ్లు ఉంటావామ్మా?" అంది.

"వార్తలు రోజూ ఉంటాయటగా" అన్నారావిడ.