అన్ని పేజీల్లోనూ మార్చమంటారా?

పరుపాయన ఆ ఉదయం వేసుకున్న పథకంలో కష్టమైన పని ఒక్కటీ లేదు. కాఫీ తాగడం, దుకాణానికి వెబ్‌సైట్ తెరవడం, భోజనం చేసి కాసేపు నడుం వాల్చడం. మొదటిదీ చివరిదీ ఆయనకు బాగా అలవాటే. మధ్యలోదాన్ని ఇంట్లోవాళ్ళు చూసుకుంటారని ఆయన ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, తాతల నాటి పరుపుల దుకాణంలోనే పుట్టి పెరిగినందువల్ల వీధి మొత్తం ఆయన్ని పరుపాయన అనే పిలుస్తుంది. ముందు గదిలో దుకాణం, మేడ మీద కాపురం, వెనక షెడ్డులో దూది ఏకేవాళ్ళు, కుట్టేవాళ్ళు. వీధి చివర అద్దాల షోరూం వచ్చాక షెడ్డులో పని సన్నగిల్లింది. వేరే చోటు చూసుకోమని వాళ్ళకు చెప్పాల్సి వస్తుందేమోనని ఆయనకు నెలరోజులుగా దిగులు. ఆ మాట గొంతు దాకా రావడం, ఆయన మంచినీళ్ళు తాగి దాన్ని లోపలికి పంపించేయడం మామూలైపోయింది.

అలాంటి సమయంలో, కొత్తగా తెరవబోయే హోటల్ మేనేజర్ ఫోన్ చేశాడు. "అన్ని గదులకీ పరుపులు కావాలండీ. మీ వెబ్‌సైట్ ఓసారి చూసి, రేపు మధ్యాహ్నం అటు వస్తాను. ఇదివరకు పనిచేసిన చోట తెప్పించినవి వానలో నానిపోయి వచ్చాయి. అందుకే ఈసారి మనిషిని చూసి ఆర్డరు ఇద్దామనుకుంటున్నా."

"ఓ, తప్పకుండా చూడండి," అన్నాడు పరుపాయన, లేని వెబ్‌సైట్ గురించి.

అందుకే మర్నాడు పొద్దున్నే భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుంది. చుట్టూ భార్య, కాలేజీలో చదువుతున్న కూతురు, కంప్యూటర్ల గురించి అన్నీ తెలుసని కుటుంబాన్ని నమ్మించిన బావమరిది.

"ముందు సీఎంఎస్ ఏదో తేల్చుకోవాలి నాన్నా," అంది కూతురు.

"అదేంటమ్మా, పరీక్ష పేరులా ఉంది?"

"వెబ్‌సైట్లో రాతలూ ఫొటోలూ మనమే పెట్టుకుని, మనమే మార్చుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్. పైకి కనిపించేది గలేబు అనుకో, ఇది లోపలి దూది."

"అలా చెప్పు మరి. ఏమేం దూదులున్నాయి?"

"నేను చూసింది సాదాగా ఉంటుంది. హంగులు తక్కువే. కానీ ఏం మార్చినా పాత కాపీ దాచిపెడుతుంది. పొరపాటు జరిగితే వెనక్కి వెళ్ళిపోవచ్చు."

బావమరిది పెద్దగా నవ్వాడు. "పొరపాటు చేద్దామని కూర్చునేవాళ్ళకి అదే మంచిది. బావా, నేను చెప్పేదాంట్లో ప్లగిన్లకి లెక్కే లేదు. ప్లగిన్లంటే తగిలించుకునే హంగులన్నమాట. బొమ్మలు తిరుగుతాయి, పూలు రాలతాయి, అక్షరదోషాలు దానంతటదే దిద్దేసుకుంటుంది!"

పరుపును పడుకుని చూడకుండా కొనడం ఆయన ఇంటా వంటా లేదు. ఈ సీఎంఎస్‌లని ఎలా పరీక్షించాలో తెలియక, మౌసును బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాడు. ఏమీ తెలియలేదు. కూతురు చెప్పిందే నయమనిపించి నోరు తెరవబోయాడు.

"మా తమ్ముడు ఊరికే చెప్పడు," అంది భార్య, చెంచా కింద పెట్టి ఆయన వంక చూస్తూ.

ఆ చూపుతో సీఎంఎస్ ఎంపిక పూర్తయింది.

బావమరిది చకచకా టైపు చేసుకుపోయాడు. పరుపుల రకాలు, కొలతలు, పాతవి తిరిగి కుట్టే వివరాలు అన్నీ ఎక్కించాడు. 'మా గురించి' అనే పేజీలో మాత్రం కాస్త ఆగి, ఆవేశం తెచ్చుకుని రాశాడు: "మా తాతగారు ప్రాణం పోయినా పరువు పోనివ్వలేదు."

"అంటే ఏం చేశారు మామయ్యా?" అని అడిగింది కూతురు.

"ఏదో ఒకటి చేసే ఉంటార్లే. చదివేవాడికి గట్టిగా తగలాలి."

బావమరిదిలో ఒక సుగుణం ఉంది. తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవడు. 'అవును' ఎక్కడుందో చూసి నొక్కేస్తాడు. చదువుతూ కూర్చుంటే పనెప్పుడవుతుందని అతని వాదన. ఇప్పుడు అక్షరదోషాలు దిద్దే ప్లగిన్ కూడా ఒక ప్రశ్న వేసింది. 'పరుపు' అనే మాట నాకు తెలియదు, 'పరువు' అని మీ ఉద్దేశమా, అన్ని పేజీల్లోనూ మార్చమంటారా అని చాలా మర్యాదగా అడిగింది. బావమరిది అంతకన్నా మర్యాదగా 'అవును' నొక్కి, వెబ్‌సైట్ తెరిచేసి, హోటల్ మేనేజర్‌తో సహా తెలిసినవాళ్ళందరికీ లింకు పంపించాడు.

మొదటి ఫోన్ వెంటనే వచ్చింది. "మీ దగ్గర పరువు డబుల్ సైజులో ఉందా?"

లైను బాగా లేదనుకున్నాడు పరుపాయన. "ఉందండీ, రండి," అన్నాడు.

రెండో ఫోన్ పాత ఖాతాదారుడిది. గొంతులో జాలి. "కష్టాలు ఎవరికి రావు చెప్పండి? అంతమాత్రాన అమ్ముకోవడమేనా? కావాలంటే నేనే నాలుగు దిళ్ళు తీసుకుంటాను."

ఇదేం జాలో అర్థంకాక ఆయన కూతుర్ని పిలిచాడు. ఆ అమ్మాయి వెబ్‌సైట్ తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టింది.

"తాతల నాటి నుంచీ పరువు అమ్ముకుని బతుకుతున్నాం. మా పరువు బహు మెత్తన. ఎంత తొక్కినా మళ్ళీ లేస్తుంది. పాత పరువు తెచ్చివ్వండి, కొత్త పరువు పట్టుకెళ్ళండి. ఒక్క ఫోన్ చేస్తే చాలు, మీ ఇంటికే వచ్చి పరువు తీసి, దులిపి, ఎండలో ఆరేస్తాం."

పరుపాయన దగ్గర్లో ఉన్న దాని మీద కూలబడ్డాడు. అది అమ్మకానికి పెట్టిన పరుపే కావడం వల్ల దెబ్బ తగల్లేదు.

అప్పుడే మూడో ఫోన్ వచ్చింది. అవతల మేనత్త. వెబ్‌సైట్లో బావమరిది పొగిడిన తాతగారి సొంత కూతురు.

"ఒరేయ్ పెద్దోడా! మా నాన్న సంపాదించిన పరువుని డబుల్ సైజులో అమ్ముతావుట్రా?"

"అత్తా, అది పరువు కాదు, పరుపు..."

"నాకు చదవడం రాదనా నీ ఉద్దేశం? అక్కడే ఉండు. బస్సెక్కుతున్నా!"

మేనత్త వచ్చేది బస్సులో, మేనేజర్ వచ్చేది కారులో. ఎవరు ముందొచ్చినా తనకు మూడిందేనని పరుపాయనకు అర్థమైంది.

కూతురు గబగబా ఒక్కో మాటా దిద్దసాగింది. 'పరువు' కొట్టేసి 'పరుపు' అని రాసి భద్రపరచగానే, ప్లగిన్ దాన్ని ప్రేమగా 'పరువు' చేసేస్తోంది. ఇది దిద్దుతుంటే అది దిద్దుతోంది.

"పాత కాపీ ఉంటుందిగా, వెనక్కి వెళ్ళు," అన్నాడు బావమరిది.

"అది నేను చెప్పిన సీఎంఎస్‌లో మామయ్యా."

భార్య మొగుడి మీద విరుచుకుపడింది. "వాడంటే చిన్నవాడు! మీరైనా కాస్త చూసుకోవద్దూ?"

చివరికి బావమరిదే ప్లగిన్ పీకేశాడు. 'పరువు' ఉన్నచోటల్లా 'పరుపు' అని మార్చేయమని సీఎంఎస్‌కి చెప్పాడు. అన్ని పేజీల్లోనూ మార్చమంటారా అని అదీ అడిగింది. ఈసారి అతను ప్రశ్నంతా గట్టిగా పైకి చదివి, మళ్ళీ చదివి, అందరి వంకా చూసి 'అవును' నొక్కాడు. మొదటి పేజీ చూసుకున్నారు. పరుపులు పరుపుల్లాగే ఉన్నాయి. అమ్మయ్య అనుకుని భోజనాలకు లేచారు. 'మా గురించి' ఎవరూ తెరవలేదు. మన గురించి మనకు తెలియదా అనుకున్నారు కాబోలు.

పరుపాయన నడుం వాల్చబోతుండగా మేనేజర్ వచ్చాడు. చేతిలో ఫోను, ముఖంలో నవ్వు లేదు.

"పొద్దున చూస్తే ఒకలా ఉంది, ఇప్పుడు చూస్తే ఒకలా ఉంది. కానీ ఈ ముక్క మాత్రం నాకు అంతు పట్టడం లేదు. 'మా తాతగారు ప్రాణం పోయినా పరుపు పోనివ్వలేదు.' ఇది నిజమేనా?"

పరుపాయన ఒక్కసారి షెడ్డు వైపు చూశాడు. అక్కడ ఎవరో సూదిలో దారం ఎక్కించుకుంటున్నారు. ఇక లాభం లేదు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాడు. "అదంతా పొరపాటండీ. అసలు..."

"ఎవడ్రా ఇది రాసింది?"

గుమ్మంలో మేనత్త. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోను. బస్సులో వస్తూ మళ్ళీ తెరిచి చూసినట్టుంది. బావమరిది మెల్లగా నిలువుగా చుట్టి పెట్టిన పరుపుల వెనక్కి జరిగాడు.

"నేను కాదండీ, సాఫ్ట్‌వేర్," అని పరుపుల్లోంచి వినిపించింది.

"దానికెలా తెలిసింది ఈ సంగతి? మా నాన్న ఎవరితోనూ చెప్పుకోలేదే!"

మేనత్త సంచి కింద పెట్టి, మేనేజర్ని ఎప్పట్నుంచో ఎరిగున్నట్టు ఆయనకే చెప్పడం మొదలుపెట్టింది.

"కొత్తగా కాపురం పెట్టిన జంట కోసం పరుపు కుట్టాడు బాబూ. ఆ రోజుకి ఇస్తానని మాటిచ్చాడు. కుండపోత వాన. మైనం గుడ్డ చుట్టి, నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. దారిలో వాగు పొంగింది. పీకల్లోతు నీళ్ళు! అది పారేసి ఒడ్డుకి రావయ్యా అని జనం అరుస్తుంటే, తడిస్తే దూది పాడవుతుందని అలాగే చేతులెత్తి పట్టుకుని దాటాడు. ఆయన ముద్దయిపోయి ఇంటికొచ్చాడు గానీ, పరుపు మాత్రం పొడిగా చేరింది."

పరుపాయనకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ ఆయనకు తాతగారంటే గోడ మీద ఫొటో, ఆ ఫొటోకి మీసాలు. అంతే.

మేనేజర్ నెమ్మదిగా అడిగాడు. "పాపం, అప్పుడేనాండీ ఆయన పోవడం?"

"పోవడమేంటి? ప్రాణం పోయినా అని వీడెవడో రాస్తే సరా? జలుబు చేసిందంతే. ఆ తర్వాత మనవళ్ళని ఎత్తుకున్నాడు. అబద్ధాలు రాయకండ్రా!"

మేనేజర్ పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, అమ్మకానికి పెట్టిన పరుపు మీదే కూర్చున్నాడు. ఎలాగూ కూర్చున్నాడు కాబట్టి పడుకుని కూడా చూశాడు. "చెప్పిన రోజుకి పొడిగా తెచ్చిపెట్టండి చాలు. అన్ని గదులకీ మీవే," అన్నాడు పడుకునే.

పరుపాయన షెడ్డులోకి వెళ్ళి ఆ సంగతి చెప్పాడు. చెప్పేటప్పుడు మంచినీళ్ళ అవసరం పడలేదు. తిరిగొచ్చేసరికి భార్య కూతురి పక్కన కూర్చుని, పాత కాపీలు దాచే సీఎంఎసే మంచిదని తాను మొదట్నుంచీ అంటూనే ఉన్నానంటోంది. కాదనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

సాయంత్రానికల్లా కూతురు వెబ్‌సైట్‌ని కొత్త సీఎంఎస్‌లోకి మార్చేసింది. రాలే పూలు, తిరిగే బొమ్మలు పోయాయి. పాతదాంట్లోంచి ఒక్క వాక్యమే, మేనత్త పక్కన నిలబడి దిద్దించాక, మొదటి పేజీకి ఎక్కింది: "మా తాతగారు జలుబు చేసినా పరుపు పోనివ్వలేదు."